అన్నీ బోర్లా పడితే

ఇరవై ముఖాల పాచిక ఒక్కటి
కొరియర్లో రావడానికి పదకొండు రోజులు పట్టింది.
నాలుగో రోజున పోయింది.
నల్లకుంటలో, ఫీవర్ హాస్పిటల్ వెనక సందులో,
మొగిలి జిరాక్స్ షాపు మీది గదిలోంచి
మెట్లు మెట్లుగా దొర్లి
మోరీ జాలీలోంచి లోపలికి.
"ఇప్పుడెట్ల?" అన్నాడు మొగిలి.
"ఎలుకలు ఆడుకుంటయ్ తీయ్" అంది నిఖత్.

మా రాజ్యానికి అప్పటికింకా పేరు లేదు.
మూసీ కింద ఇంకో మూసీ ఉందని,
దాని గట్టున తాళాలు చేసేవాళ్ల ఊరొకటుందని,
వాళ్లు తాళాల ధ్యాసలో పడి
తలుపులు చేయడం మరిచిపోయారని
అంతవరకే రాసుకున్నాం,
వెనకవైపు ఎవరిదో ఆధార్ కార్డు
సగం మొహమే పడ్డ
పాడైపోయిన కాగితాల మీద.

మర్నాడు కల్పలత చింతపిక్కలు తెచ్చింది.
మెట్ల మీదే కూర్చుని గచ్చుకేసి రుద్దింది:
ఒకపక్క తెల్లన, ఇంకోపక్క పుట్టు నలుపు.
"నాలుగు చాలు. మా నాయనమ్మ
అష్టాచెమ్మా దీంతోనే ఆడేది."

నిఖత్ పళ్ల డాక్టరు దగ్గర లెక్కలు రాస్తుంది.
పన్ను కట్టించుకుని పైసలు కట్టనోళ్ల జాబితా పక్కనే
మా పిక్కల పదహారు పాట్లూ రాసింది.
ఒకటి పడేది నాలుగుసార్లు.
రెండు, ఆరు.
మూడు, మళ్లీ నాలుగు.
అన్నీ తెల్లగా పడి చెమ్మా అయ్యేది ఒక్కసారి.
పెన్ను ఆగింది.
"అన్నీ నల్లగా పడితే? సున్నా కదా?"
"ఎనిమిది" అంది కల్పలత.
"ఎందుకు?"
"ఎందుకేంది? ఎనిమిదంతే."

అక్కడ తెగలేదు మాకు మూడు వారాలు.

మొగిలిది ఒకటే మాట: "సున్నాకి సావాలె.
సావు లేని ఆట ఆడి ఏం లాభం?"
నిఖత్ అంటుంది, పదహారింట ఒకటంటే
రాత్రి తొమ్మిదయ్యేసరికి
బల్ల మీద ఎవరూ మిగలరని.
కల్పలత అసలు వాదించదు.
పుట్నాల్ని సైనికులుగా నిలబెడుతూ కూచుంటుంది.
(చంపినవాడే తినాలన్న రూలు నాది.
మా మొదటి మహాయుద్ధం పావుగంటలో ముగిసింది,
ఎవరం అన్నం తిని రాలేదారోజు.)

రూలు పుస్తకం నా దగ్గరే ఉండేది.
ఆ ఒక్క చోట "మరణం" అని రాశాను, చెరిపాను,
"ఎనిమిది" అని రాశాను, చెరిపాను.
కాగితం పల్చబడి
అవతలి పేజీలోని గుర్రాల ధరలు కనబడుతున్నాయి.

ఇండియా పటం జిరాక్స్ కోసం వచ్చింది
మొగిలి మేనకోడలు రవళి. నాలుగో తరగతి.
కరెంటు పోయింది. మిషను చల్లబడేదాకా
ఏం చేస్తుంది, ఆడతానంది.
తాళాలు చేసే పిల్లగా పుట్టింది మా రాజ్యంలో.
కొవ్వొత్తి వెలుగులో కింది మూసీ దాటుతుంటే
గొలుసుల మొసలి అడ్డంగా పడుకునుంది.
పిక్కలు విసిరింది.

నాలుగూ నలుపు.

మేం నలుగురం పుస్తకంలోకి వంగాం.
చిరుగు తప్ప ఏమీ లేదక్కడ.
ఆ పిల్ల మమ్మల్ని అడగనే లేదు:
"ఎనిమిది! ఎనిమిది అడుగులేసిన.
మొసలి వీపు మీదికెల్లే."
"మరి అది లేవలేదా?" మొగిలి ఆశగా అడిగాడు.
"లేచింది.
యాడికి పోతున్నవే అని అడిగింది."
కాసేపు ఆగి మా మొహాల్లోకి చూసింది.
"ఏం చెప్పాలె మామా?
యాడికి పోతున్న నేను?"

గుర్రాల ధరలు రాశాం, కత్తుల బరువు రాశాం,
గాయం మానడానికి ఎన్ని రాత్రులో రాశాం.
యాడికో రాయలేదు.

కరెంటొచ్చింది. కింద మిషను
దగ్గుతూ లేచింది.
రవళి పటం తీసుకుని వెళ్లిపోయింది,
మొసలిని అట్లాగే నిలబెట్టి.

ఆ పేజీ ఖాళీగా వదిలేద్దాం అన్నాను,
ఎవరు ఆడితే వాళ్లే రాసుకుంటారని.
కల్పలత తలూపింది. మొగిలి ఏదో గొణిగాడు,
సావు అన్నట్టే వినబడింది.
నిఖత్ మాత్రం క్యాలిక్యులేటర్ తీసింది.
ఇరవై కాపీలు, ఇరవై ఖాళీ పేజీలు.
"వీని షాపుల
ఖాళీ పేజీకి గూడ రూపాయే, సోచాయించు."